చెవిమేస్త్రి, మొరాయించిన ఎర్రబండి

మా షెడ్డుకీ చెవిమేస్త్రి షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. ఇటువైపు నేను కారు సీట్లకు కవర్లు కుడతాను, అటువైపు ఆయన కార్ల రోగాలు కుదురుస్తాడు. ఆ రేకులో పిడికిలంత కంత ఒకటి ఉంది. సూదులు, స్క్రూలు, చాడీలు అన్నీ అందులోంచే అటూ ఇటూ ప్రయాణం చేస్తాయి. ఆయన్ని నేను అన్నయ్యా అంటాను, ఆయన భార్యను వదినా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఇన్నేళ్లు పక్కపక్కన చెమటోడ్చినవాళ్లకు వేరే చుట్టరికం అక్కర్లేదని నా ఉద్దేశం.

చెవిమేస్త్రి అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి ఏదో ఒక బేరింగు పేరో వాల్వు పేరో చెప్పేవాడు. విప్పి చూస్తే చాలాసార్లు అదే అయ్యేది. కానప్పుడు, అది ఆ బండి తప్పు. "ముందు చెవి, తర్వాత చెయ్యి" అన్నది ఆయన సూత్రం. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. చిన్నప్పుడు బడి సెలవుల్లో, డ్రైవరు సీటు పక్కనుండే ఇంజిను మూత మీద దుప్పటి పరుచుకుని పడుకునేవాడట. నిద్రలోనే తనకు ఇంజిను భాష వచ్చేసిందని చెప్పుకునేవాడు. చెప్పుకోవడంలో ఆయనకు ఏ లోటూ లేదు.

స్టార్టింగు రోగం పట్టుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని సెల్ఫ్ కొట్టాలి, ఒకరు బానెట్ ఎత్తి ఇంజిను దగ్గర నిలబడాలి. పెళ్లయిన కొత్తలో ఓ మధ్యాహ్నం వదిన క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వచ్చింది. ఆ వేళకు సెల్ఫ్ కొట్టేవాళ్లు ఎవరూ లేరు. "కాస్త ఇలా వచ్చి కూర్చో. నేను కొట్టమంటే కొట్టు, ఆపమంటే ఆపు" అన్నాడు. ఆ కూర్చోవడమే కూర్చోవడం, ఆవిడ మళ్లీ ఇంటిపట్టున ఉన్నది లేదు. కొత్త దంపతులు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదుగానీ, వీళ్లిద్దరూ మాత్రం ఏళ్ల తరబడి "కొట్టు", "ఆపు" అన్న రెండు మాటలతోనే కాపురం చేశారు.

కొట్టుకీ ఆపుకీ మధ్య వదినకు పనేముంది? స్టీరింగు మీద చేతులు ఆనించుకుని కూనిరాగం తీసేది. పెదవులు విప్పేది కాదు. మాటలుండవు. ముక్కులోంచీ గొంతులోంచీ సన్నగా సాగే రాగం, అంతే. పాడుతున్నానని ఆవిడకే తెలిసేది కాదు. అన్నయ్యకు మాత్రం తెలిసేది. ఒక చెవి ఇంజినుకు, ఒక చెవి ఆ రాగానికి ఇచ్చి పని చేసేవాడు. "అది వినపడుతుంటే చేతులకు బరువు తెలిసేది కాదు చెల్లెమ్మా" అని నాతో అన్నాడు. అయితే ఆ మాట నాతో అన్నది చాలా ఏళ్ల తర్వాత. వదినతో అసలు అననే లేదు. మన మగమహారాజులు అంతేగా, చెప్పాల్సినవాళ్లకు తప్ప అందరికీ చెబుతారు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆయన ఒకసారి నోరు జారాడు. ఏదో మొండి బండి. చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. ఇంజినులో ఎక్కడో సన్నటి టికటిక ఉందని దాని ఓనరు అంటాడు, ఈయనకు ఎంతకీ దొరకదు. చెవి మార్చి చూశాడు, స్క్రూడ్రైవరు మార్చి చూశాడు. చివరికి తల తిప్పి, "నీ రాగాలు ఆపుతావా కాస్త? చెవిలో జోరీగలా... ఇంజిను వినపడి చావట్లేదు!" అని వదిన మీద అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వదిన గొంతు ఠక్కున ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన చెవిన ఆ రాగం పడలేదు.

మొదట్లో, ఇది అలక, రెండు రోజుల్లో తీరుతుందిలే అనుకున్నాడట. తీరలేదు. వదిన మామూలుగానే ఉండేది. అన్నం పెట్టేది, నవ్వేది, షెడ్డుకు వచ్చేది, కొట్టమంటే కొట్టేది. రాగం ఒక్కటే లేదట. బానెట్ దగ్గర నిలబడి, కొట్టుకీ ఆపుకీ మధ్య ఈయన ఊపిరి బిగబట్టి ఎదురు చూసేవాడు. ఏమీ వినిపించేది కాదు. పోయింది దొరుకుతుందేమోనని జేబులు పదే పదే తడుముకునే మనిషిలా తయారయ్యాడు. దానికోసం మొహం వాచిపోయాడంటే నమ్మండి. "మళ్లీ పాడవే" అని ఒక్క మాట అడగొచ్చు కదా అంటారా? ఆపమని పదిమందిలో అరిచినవాడికి, మొదలుపెట్టమని ఒంటరిగా అడగడానికి కూడా నోరు రాలేదు.

అడగలేక ఆయన పడ్డ తిప్పలు నేను కళ్లారా చూశాను. ఎందుకో మాత్రం అప్పుడు తెలియలేదు. ఒకరోజు కంతలోంచి, "చెల్లెమ్మా, మీ వదిన కూర్చోవడానికి మెత్తటి దిండు ఒకటి కుట్టిపెట్టు. ఏ బండి ఎక్కినా వేసుకునేటట్టు ఉండాలి" అన్నాడు. కుట్టిచ్చాను. ఇంకోరోజు డ్రైవరు సీటు మీదకు గాలి వచ్చేటట్టు ఫ్యాను తిప్పి కట్టాడు. కొన్నాళ్లు, వదిన అందుకుంటుందేమోనన్న ఆశతో తనే రాగం ఎత్తుకునేవాడు. ఆయన గొంతు సంగతి చెప్పకపోవడమే మర్యాద. వదిన కారులోంచి తల బయటపెట్టి, "ఏమండీ, పన్ను నొప్పిగా ఉందా?" అని అడిగింది. ఆ దెబ్బకు ఆ ప్రయత్నం మానుకున్నాడు.

అలా ఉండగా ఎర్రబండి వచ్చింది.

దాని ఓనరు ఈత నేర్పే టీచరమ్మ. మనిషి నిటారుగా, బలంగా ఉంటుంది, మాట మాత్రం మెత్తన. బండి పాతదే అయినా దాని మీద ఆవిడకు మోజు తీరక, ఎవరో స్పెషలిస్టు దగ్గర ఇంజినుకు హంగులన్నీ చేయించింది. ఎక్కువ పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, లావుపాటి సైలెన్సరు, ఇంజిను కంప్యూటరులో కొత్త చిప్పు. రోడ్డెక్కితే పిచ్చి పరుగు. కానీ ఆ హంగులు చేయించిన నాటి నుంచి పొద్దున్నే స్టార్టు కాదు. సెల్ఫ్ కొట్టగా కొట్టగా, బ్యాటరీ నీరసపడే వేళకు, దగ్గి, నల్లటి పొగ కక్కి అందుకుంటుంది. "రోజూ దీన్ని బతిమాలలేక చస్తున్నానండీ" అంది టీచరమ్మ. సీట్లు కూడా చిరిగాయని ఆ పని నాకు అప్పజెప్పింది. అందువల్ల ఆ బండి మా రెండు షెడ్ల మధ్య తిరుగుతూ ఉండేది.

అన్నయ్య తన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. బ్యాటరీ బాగుంది. సెల్ఫ్ మోటారు బాగుంది. తర్వాత చెవి. ఇలాంటి బండ్లలో కీ ఒక మెట్టు తిప్పగానే, వెనక టాంకులో ఉన్న పంపు కాసేపు గుయ్యిమని మోగి ఆగుతుంది. పెట్రోలు పైకి వచ్చింది, ఇక కొట్టుకో అని చెప్పడమన్నమాట. అన్నయ్య వెనక డోరు తీసి చెవి పెట్టి, "తిప్పు" అన్నాడు. వదిన తిప్పింది. "మళ్లీ తిప్పు." మళ్లీ తిప్పింది. ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "పంపు చచ్చింది. పెట్రోలే రావట్లేదు, ఇంక ఎక్కడ అంటుకుంటుంది?"

"మోగుతున్నట్టే ఉందండీ" అంది వదిన.

"ఆ ఫ్యాను చప్పుడు విని పంపు అనుకుంటున్నావు. ఇంజిను సంగతి నాకు చెబుతావా?"

నేను అప్పుడు మా షెడ్డులో మిషను తొక్కుతున్నాను, నాకేమీ వినబడలేదు.

కొత్త పంపు వేశాడు. అదీ "మోగలేదు". పంపుకు కరెంటు ఇచ్చే రిలే మార్చాడు. వైరింగు విప్పి మళ్లీ కట్టాడు. పెట్రోలు చాలట్లేదేమోనని దాని ఒత్తిడి పెంచాడు. ఎన్ని చేసినా బండి ముందుకన్నా మొండికేసింది. ఎప్పుడూ చెయ్యని విధంగా స్పానర్లు విసిరేయడం మొదలుపెట్టాడు. రేకు గోడకు ఒకటి తగిలి నేను ఉలిక్కిపడి సూది గుచ్చుకున్నాను కూడా.

టీచరమ్మ బండి చూసుకోవడానికి వచ్చినప్పుడు నేను వెనక సీటు ఊడదీసి, కొత్త కవరు కొలతలు చూసుకుంటున్నాను. అన్నయ్య ఆవిడకు సంజాయిషీ చెబుతున్నాడు. "మీరే వినండి. కొత్త పంపు వేసినా చప్పుడు లేదు. లోపల ఎక్కడో వైరు తెగింది. ఏమే, కీ తిప్పు."

వదిన కదల్లేదు. నా వంక చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

"తిప్పవే!"

తిప్పింది. సీటు లేకపోయేసరికి, నా మోకాళ్ల కిందే ఉన్న టాంకు మూతలోంచి గుయ్యిమని శుభ్రంగా వినిపించింది. టీచరమ్మ నవ్వేసింది. "అదేమిటి మేస్త్రిగారూ, తుమ్మెదలా మోగుతుంటే చప్పుడు లేదంటారు?"

అన్నయ్య ఆవిడ ముఖం చూశాడు. నా ముఖం చూశాడు. వేళాకోళం చేస్తున్నామేమోనని వెతికాడు. మా ఎవరి ముఖంలోనూ వేళాకోళం లేదు. మెల్లగా వచ్చి, కారులోకి వంగి, ఆ మూత మీద అరచెయ్యి ఆనించాడు. "ఇంకోసారి" అన్నాడు. వదిన తిప్పింది. మూత ఆయన చేతి కింద సన్నగా వణికింది. ఆగింది. "ఇంకోసారి." మళ్లీ వణికింది. ఆయన చెయ్యి తియ్యలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎందరిని వెక్కిరించాడో ఆయన.

వదిన తలుపు తీసుకుని దిగి వచ్చింది. "చాలాకాలంగా సన్నటి చప్పుళ్లు మీకు అందట్లేదండీ" అంది నెమ్మదిగా. వెంటనే తనే సర్దుకుని, అదే మాట గట్టిగా మళ్లీ చెప్పింది. అప్పుడు నాకు తట్టింది. షెడ్లలో అందరం గొంతు చించుకునే మాట్లాడతాం కాబట్టి ఎవరం కనిపెట్టలేదు. ఆవిడ ఒక్కతే కనిపెట్టింది. ఇంట్లో కూడా ఏళ్లుగా కేకలు వేసి మాట్లాడుతోంది.

"మరి చెప్పవేం?"

"చెవిమేస్త్రికి చెవుడని నేనెలా చెప్పనండీ?"

ఆ తర్వాత రోగం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. టీచరమ్మే దారి చూపించింది. "ఒక్కోసారి విసుగొచ్చి యాక్సిలరేటరు అడుగంటా తొక్కిపెట్టి కొడితే మాత్రం అందుకుంటుందండీ" అంది. అన్నయ్య ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. అలా తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే ఈ బండ్లలో కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. ఆపితే అంటుకుంటోందంటే, ఉన్నది కరువు కాదు, వరద. ప్లగ్గులు విప్పాడు. నల్లగా, తడిగా, పెట్రోలు కారుతూ వచ్చాయి. అవి అంతకు ముందు కూడా తడిగానే ఉన్నాయట. సెల్ఫ్ అదేపనిగా కొట్టడం వల్ల తడిశాయిలే అని తుడిచి బిగించేశాడట. ఇంజెక్టర్లు పెద్దవి వేసి, పొద్దున్నే చల్లని ఇంజినుకు ఎంత పెట్రోలు పొయ్యాలన్న లెక్క మాత్రం చిప్పులో పాతదే వదిలేశారు. మునిగిపోతున్నవాడికి దాహమనుకుని ఈయన ఇంకో నాలుగు బిందెలు పోశాడు.

"ఊరందరికీ ఈత నేర్పుతారు, మీ ఇంజిను మాత్రం రోజూ మునుగుతోందమ్మా" అంది వదిన. టీచరమ్మ పడీపడీ నవ్వింది. చిప్పు పెట్టినవాడు మర్నాడు లాప్‌టాప్ పట్టుకొచ్చి లెక్క సరిచేశాడు. పెంచిన ఒత్తిడిని అన్నయ్య తగ్గించాడు. బండిని రాత్రంతా చల్లబడనిచ్చి, పొద్దున్నే వదిన సెల్ఫ్ కొడితే ఇట్టే అందుకుంది.

మామూలుగా అయితే ఆయన టీ తెప్పించి, సొంత డబ్బా కొట్టుకోవాల్సిన సమయం. ఆ రోజు మాత్రం మా షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇంతవరకు నేను మీకు చెప్పిందంతా, ఆ రాగం, ఆ అరుపు, ఆ దిండు ఎందుకో, అప్పుడే చెప్పాడు. చెప్పి, నేలకేసి చూస్తూ అడిగాడు.

"చెల్లెమ్మా, ఆ పంపు మోగుతూనే ఉంది, నాకే వినపడలేదు. ఒక్క మాట నిజం చెప్పు. మీ వదిన ఇప్పుడు పాడుతుందా?"

నేను తెల్లబోయాను. "పాడకపోవడమేమిటన్నయ్యా? ఇందాక పొద్దున కూడా పాడింది. రోజూ ఆ కంతలోంచి వింటూనే ఉన్నాను. వదిన రాగం వినకపోతే నా కుట్టు కూడా వంకర పోతుంది."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. అంత మనిషి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక నేను కత్తెర తీసి, అక్కర్లేని గుడ్డ కత్తిరించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నేళ్లు పక్కనే ఉన్నదానికోసం ఈ మనిషి కుమిలిపోయాడా అని నాకు జాలి వేసింది, ఒళ్లు కూడా మండింది. అడిగి ఉంటే సరిపోయేది కదా!

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. అంతా విన్నట్టే ఉంది.

"ఆ రోజు ఆపమన్నది నీ మీద కోపంతో కాదే" అన్నాడు ఆయన తలెత్తకుండా. "ఇంజిను వినపడలేదు. నీ రాగం అడ్డమొచ్చిందనుకున్నాను. అప్పటికే నా చెవే పోతోందని తెలియలేదు."

వదిన దగ్గరకు వచ్చి, ఆయన చెవి పక్కగా వంగి చెప్పింది. "రెండు రోజులు మానేశానండీ. తర్వాత నాకు తెలియకుండానే, ఇంకాస్త సన్నగా, మళ్లీ వచ్చేసింది. మీరేమైనా అంటారేమోనని చూశాను. ఏమీ అనలేదు. పోనీలే, ఒప్పుకున్నారనుకున్నాను."

చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లడానికి ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. చెవిలో పెట్టుకునే మిషను వస్తే చాలా వరకు వినపడుతుందని నేను చెప్పాను. "అదంతా తర్వాత. ముందు ఇప్పుడు" అని లేచాడు. వదిన చెయ్యి పట్టుకుని ఎర్రబండి దగ్గరకు తీసుకెళ్లాడు. పెళ్లినాడు పట్టుకున్నాక మళ్లీ పదిమందిలో ఆవిడ చెయ్యి పట్టుకోవడం అదే అయి ఉంటుంది. ఆవిడను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, తను పక్క సీటులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తించాడు. "కీ ముట్టుకోకు. పాడు" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

నేను బయట నిలబడి ముందు అద్దంలోంచి చూశాను. సిగ్గు లేకుండా చూశాను. ఆయన ఆవిడ భుజానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. వదిన పెదవులు మూసుకునే ఉన్నాయి, ఆవిడ పాడేటప్పుడు ఎప్పుడూ అంతే. కాసేపటికి ఆయన ముఖం విచ్చుకుంది. తల మెల్లగా ఊపడం మొదలుపెట్టాడు. తాళం తప్పకుండా, చిన్నపిల్లాడు ఉయ్యాల ఊగినంత హాయిగా. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అమ్మయ్య, వినపడుతోంది అనుకున్నాను.

సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు వదినతో ఆ మాటే అన్నాను. ఆవిడ తాళం చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది.

"అప్పటికి నేనింకా మొదలుపెట్టలేదమ్మాయ్" అంది. "పాడమని నోరు తెరిచి అడిగారు కదా, గొంతు పూడుకుపోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. చూస్తే ఆయన తల ఊపుతూ కూర్చున్నారు."

"మరి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? అంత సంతోషంగా ఉంటే. ఆ తల ఊపే తీరు చూశాను. అది ఏ పాటో నాకు తెలుసు. మా పెళ్లయిన కొత్తలో ఆ బండ్లలో కూర్చుని పాడేదాన్ని, తర్వాత నేనే మర్చిపోయాను. ఆయన తల ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, అక్కడి నుంచి అందుకున్నాను."